పాటలు రాసింది కర్ట్ కోబేన్, అతని బాధ కాదు

పాపకు మొదటిసారి జుట్టు కత్తిరిస్తున్నారు. తండ్రి ఒళ్లో కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. తల్లి పక్కనే ఉంది. ఇంట్లోవాళ్లెవరో వీడియో తీస్తున్నారు. మన ఇళ్లలో కూడా ఇలాంటి వీడియో ఒకటి ఉంటుంది, పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే మేనమామ ఒళ్లో గింజుకుంటూ ఏడ్చే పిల్లలది. ఇక్కడ పాప ఏడవడం లేదు, బాగానే ఉంది. బాగాలేనిది తండ్రి. పాపను పట్టుకునే ఉన్నాడు గానీ కళ్లు మూతలు పడుతున్నాయి. తల వాలిపోతుంది, ఉలిక్కిపడి మళ్లీ ఎత్తుతాడు. మొహం మీద పుండ్లు. మాట ముద్దముద్దగా వస్తోంది. నేను మత్తులో లేను, అలసిపోయానంతే అంటాడు. ఆ మాట నమ్మేవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరని చూసేవాళ్లకు అర్థమవుతూనే ఉంటుంది.

మొదటిసారి చూసినప్పుడు అక్కడ ఆపేశాను. లేచి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి, కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత మిగతాది చూశాను.

ఆ తండ్రి కర్ట్ కోబేన్. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణా గాయకుడు, గిటారిస్టు, పాటలు రాసినవాడు. ఆ పాప ఫ్రాన్సెస్. సినిమా పేరు 'మోంటాజ్ ఆఫ్ హెక్', 2015లో బ్రెట్ మోర్గెన్ తీసిన డాక్యుమెంటరీ. కర్ట్ వదిలి వెళ్లిన క్యాసెట్లు, నోటు పుస్తకాలు, బొమ్మలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు దర్శకుడి చేతికి వచ్చాయి. తండ్రి చనిపోయేనాటికి రెండేళ్లు కూడా నిండని ఫ్రాన్సెస్ పెద్దయ్యాక ఈ సినిమాకు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా నిలబడింది. తండ్రిని దేవుణ్ణి చేయొద్దు, ఉన్నదున్నట్టు చూపించండి అన్నది ఆమె కోరిక. జుట్టు కత్తిరించే ఆ దృశ్యం సినిమాలో మిగిలిందంటే అది ఆమె ధైర్యమే అనుకుంటాను.

ఈ సినిమా నేను మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఒకే విషయంలో దర్శకుడితో గొడవపడ్డాను. ఆ గొడవ ఒక్క ఈ సినిమాతోనే కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బాధపడితేనే గొప్ప పాట వస్తుందని, కళాకారుడి జబ్బులోనే అతని కళ ఉందని మనం ఎప్పటినుంచో నమ్ముతున్నాం. అది అబద్ధం. పైగా ప్రాణాల మీదికి తెచ్చే అబద్ధం.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే మా హాస్టల్ గదిలోకి వెళ్లాలి.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజులు. గదిలో ముగ్గురం. ముగ్గురిలో ఒకడికి గిటార్ వచ్చు. వాడే నాకు నిర్వాణాను వినిపించాడు, నూటయాభై పాటలు కుక్కిన ఎంపీ3 సీడీలో. కళ్ల చోట రెండు ఇంటూ మార్కులు, బయటికి వేలాడే నాలుక ఉన్న ఆ పసుపు రంగు మొహం టీషర్టు ఉతికి ఉతికి బూడిద రంగుకు వచ్చింది. రెండో ఏడాది చివర్లో వాడు క్లాసులకు రావడం మానేశాడు. మెస్‌కు కూడా వచ్చేవాడు కాదు, ప్లేటులో అన్నం పెట్టుకుని గదికి తెచ్చేవాళ్లం. స్నానం చేయడు. రాత్రంతా మేలుకుని గిటార్ మీద ఒకే మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) వాయిస్తూ ఉంటాడు. మేమేమన్నామో తెలుసా? 'వాడు ఆర్టిస్టు రా, మూడీగానే ఉంటాడు' అన్నాం. పక్క గదివాళ్లకు కొంత గర్వంగా కూడా చెప్పాం. గడ్డం పెరిగితే 'దేవదాసు' అని పిలిచాం. ప్రేమలో దెబ్బతిన్నాడని మేమే ఒక కథ అల్లి, ఆ కథను మేమే నమ్మాం. అది డిప్రెషన్ అని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. వాడికి కూడా.

ఆ మూడు కార్డులు నాకిప్పటికీ గుర్తున్నాయి. మంచి పాట కాదది. అసలు పాటే కాదు. ముందుకు కదలలేని మనిషి చెయ్యి ఆడుతూ ఉండటం, అంతే. ఆరు నెలల ముందు అదే చేత్తో వాడు రెండు చక్కని ట్యూన్లు కట్టాడు. జబ్బు ముదిరాక ఒక్కటీ కట్టలేదు. ఈ లెక్క నాకు అప్పుడు కనపడలేదు, చాలా ఏళ్ల తర్వాత ఈ సినిమా చూస్తుంటే కనపడింది.

సినిమా మొదటి గంట నాకు చాలా ఇష్టం. కర్ట్ 1967 ఫిబ్రవరి 20న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, అబర్డీన్ అనే ఊళ్లో పుట్టాడు. చెట్లు కొట్టి దుంగలు అమ్ముకునే ఊరు, ఎప్పుడూ వాన. సూపర్ 8 కెమెరాతో తీసిన పాత వీడియోల్లో తెల్లని, పసుపు జుట్టు పిల్లాడు చేతులూపుతూ పరిగెడుతుంటాడు. ఒక్కచోట నిలవడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లీతండ్రీ విడిపోయారు. అక్కణ్ణుంచి తల్లి ఇల్లు, తండ్రి ఇల్లు, బంధువుల ఇళ్లు, స్నేహితుల ఇళ్లు. ఎక్కడా ఎక్కువ కాలం ఉంచుకోలేదు. తండ్రి డాన్ కెమెరా ముందు కూర్చుంటాడు గానీ దాదాపు ఏమీ మాట్లాడడు. పక్కన కూర్చున్న రెండో భార్య మాట్లాడుతుంది. ఆమె మాటల మధ్య ఆయన మొహం చూడండి. మన ఊళ్లలో ఇలాంటి తండ్రులు ఎంతమంది లేరు! కొడుకు మీద ప్రేమ లేక కాదు, ఎలా చెప్పాలో ఎవరూ నేర్పక. కెమెరా ఆయన మీద అలా నిలిచిపోవడం దర్శకుడు చేసిన మంచి పనుల్లో ఒకటి.

పద్నాలుగో పుట్టినరోజుకు మేనమామ సైకిలు కావాలా గిటార్ కావాలా అని అడిగితే గిటార్ అన్నాడు. హైస్కూలు మధ్యలో ఆపేశాడు. తర్వాత కొన్నాళ్లు అదే స్కూల్లో ఊడ్చి తుడిచే పని చేశాడు. ఇవన్నీ విన్నప్పుడు మనసు బాధ వైపే లాగుతుంది, చూశావా ఎన్ని కష్టాలో, అందుకే ఆ గొంతులో అంత ఆర్తి అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ అబర్డీన్‌లో ఆ ఏళ్లలో ఇల్లు విరిగిపోయిన పిల్లలు ఇతనొక్కడే ఉండి ఉండడు. మిగతావాళ్లెవరూ 'నెవర్‌మైండ్' లాంటి ఆల్బమ్ చేయలేదు. కష్టం చాలామందికి ఉంటుంది. దాని పక్కన ఇంకేదో ఉంటే తప్ప పాట రాదు. ఆ ఇంకేదో ఏమిటన్నదే అసలు ప్రశ్న, అక్కడే సినిమా తొందరపడి ముందుకెళ్లిపోతుంది.

నేనైతే అక్కడే ఆగుతాను. ఒలింపియా అనే ఊళ్లో కర్ట్, ట్రేసీ మరాండర్ అనే అమ్మాయితో కలిసి ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. ఆమె బోయింగ్ కంపెనీ క్యాంటీన్‌లో రాత్రి షిఫ్టు చేసేది. అద్దె చాలావరకు ఆమెదే. ఇతను ఇంట్లో ఉండి బొమ్మలు గీసేవాడు, టీవీ చూసేవాడు, గిటార్ వాయించేవాడు, పాటలు రాసేవాడు. ఇంట్లో చేయాల్సిన పనులు చీటీ మీద రాసిపెట్టి ఆమె డ్యూటీకి వెళ్లేది. అందరి మీదా రాస్తావు, నా మీద ఒక్క పాటా రాయవే అని అడిగితే 'అబౌట్ ఎ గర్ల్' పుట్టింది. అప్పటివరకూ అతను రాసినవాటిలో అంత తీయని బాణీ లేదు. ఆ పాట వెనక ఉన్నదేమిటి? వేడి గది, తినడానికి తిండి, ఒక మనిషి సంపాదన, చేతిలో బోలెడంత ఖాళీ సమయం. గొప్ప కళ గురించి మాట్లాడేటప్పుడు ఆ రాత్రి షిఫ్టు జీతం గురించి ఎవరూ మాట్లాడరు. సినిమాలో ట్రేసీ కనిపిస్తుంది, మాట్లాడుతుంది, బాగానే చూపించారు. కానీ ఆ ఇంట్లోని మామూలుతనమే ఆ పాటలకు నేల అని గట్టిగా చెప్పరు.

మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. సుమారు ముప్పై గంటల పని. ఆ డబ్బు కట్టింది జేసన్ ఎవర్‌మన్ అనే కుర్రాడు. ఆ ఆల్బమ్‌లో ఒక్క స్వరం వాయించకపోయినా కృతజ్ఞతగా అట్ట మీద అతని పేరు వేశారు. 1991లో 'నెవర్‌మైండ్' రికార్డు చేయడానికి ముందు టకోమా ఊళ్లో ఒక కొట్టాంలో రోజూ సాధన చేశారు. రోజూ! క్యాలిఫోర్నియాలోని సౌండ్ సిటీ స్టూడియోకు వెళ్లేసరికి పాటలు చేతికి అలవాటైపోయాయి. నిర్మాత బుచ్ విగ్ ఒకే పాటను రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి కలుపుదాం అంటే కర్ట్ ఒప్పుకోలేదు, మోసంలా ఉంటుందన్నాడు. జాన్ లెనన్ అలాగే చేసేవాడు అని విగ్ చెప్పాక ఒప్పుకున్నాడు. తనకు ఇష్టమైన పనివాడి పద్ధతి అని తెలిశాక పట్టు వదిలిన మరో పనివాణ్ణి నేనిక్కడ చూస్తున్నాను.

'సమ్‌థింగ్ ఇన్ ద వే' పాట సంగతి ఇంకా బాగుంటుంది. స్టూడియోలో అందరితో కలిసి వాయిస్తే ఆ పాట కుదరలేదు. గట్టిగా ఉంది. కర్ట్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, సోఫా మీద వెల్లకిలా పడుకుని, అయిదు తీగలే మిగిలిన పాత గిటార్ మీద ఇలా ఉండాలి అని పాడి చూపించాడు. గొంతు గుసగుసకు కొంచెం పైన. విగ్ వెంటనే ఫోన్లు తీసేసి, ఫ్యాన్ ఆపి, మైకులు తెచ్చి అక్కడే పెట్టాడు. మనం ఇప్పుడు వింటున్నది ఆ సోఫా మీద పాడిందే. గిటార్ సరైన శ్రుతిలో లేదు కాబట్టి తర్వాత మిగతా వాద్యాలన్నీ దానికి తగ్గట్టు కలుపుకోవాల్సి వచ్చింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి, శ్వాస కూడా వినిపిస్తుంది. వింటే ఎవరో కుంగిపోయిన మనిషి ఒంటరిగా గొణుక్కుంటున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో అతను ఏం చేస్తున్నాడు? తన పాట ఎలా ఉండాలో స్పష్టంగా తెలిసి, అలా రాకపోతే వచ్చి చేసి చూపిస్తున్నాడు. ఆ స్పష్టత జబ్బుకు ఉండదు.

అదే పాటలో వంతెన కింద బతికే మనిషి ఉంటాడు. ఇళ్లన్నీ తలుపులు మూశాక కర్ట్ అబర్డీన్‌లో విష్‌కా నది వంతెన కింద పడుకునేవాడని చాలాకాలం లోకం నమ్మింది, అతనే అలా చెప్పాడు కాబట్టి. బ్యాండ్‌లో తోటివాడు, స్కూలు రోజుల నేస్తం క్రిస్ట్ నోవోసెలిక్ ఆ మాట కొట్టిపారేశాడు. ఆ నదికి పోటూ పాటూ వస్తుంది, ఒడ్డంతా బురద, అక్కడ ఎవరూ పడుకోలేరు, అక్కడికి వెళ్లి కూర్చునేవాడంతే అన్నాడు. ఇప్పుడు ఆ వంతెన పక్కన కర్ట్ పేరుతో చిన్న పార్కు ఉంది. ఊళ్లోకి వచ్చే రోడ్డు మీది బోర్డులో అతని పాట పేరే స్వాగతం పలుకుతుంది. నాకు ఈ అబద్ధం మీద కోపం లేదు. పాటలు రాసేవాడు తన జీవితాన్ని కూడా కొంచెం మార్చి రాసుకుంటాడు, అది అతని హక్కు. కానీ డాక్యుమెంటరీ తీసేవాడికి ఆ హక్కు లేదు.

నా అసలు ఫిర్యాదు అక్కడ. కర్ట్ తన కౌమారంలో జరిగినట్టుగా ఒక కథ చెప్పి టేపు మీద రికార్డు చేశాడు. అవమానం, ఒంటరితనం, చనిపోవడానికి ప్రయత్నం, అన్నీ ఉన్న కథ. సినిమా ఆ టేపును యథాతథంగా వినిపిస్తూ దాని మీద చాలా అందమైన యానిమేషన్ పరిచింది. ఒక్కో ఫ్రేము తైలవర్ణ చిత్రంలా ఉంటుంది. సినిమా విడుదలయ్యాక మెల్విన్స్ బ్యాండ్ బజ్ ఆస్‌బోర్న్, అబర్డీన్ రోజుల నుంచీ కర్ట్‌ను ఎరిగినవాడు, ఆ కథ జరగలేదని బాహాటంగా రాశాడు. సినిమాలో చాలాభాగం ఉత్తదే అన్నాడు. ఆయన కూడా అంతా కళ్లారా చూసి ఉండకపోవచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా నా అభ్యంతరం ఆ కథ నిజమా కాదా అన్నదాన్ని దాటి ఉంది. ఒక పిల్లాడు చనిపోవాలనుకున్న క్షణాన్ని మనం మొత్తం సినిమాలో అత్యంత అందమైన బొమ్మలుగా గీశాం. పదిహేడేళ్ల కుర్రాడు హాస్టల్ గదిలో ఒక్కడే కూర్చుని దాన్ని చూస్తే అతనికి ఏం చేరుతుంది? కొట్టాంలో రోజూ చేసిన సాధనకు ఎవరూ యానిమేషన్ గీయలేదు. ట్రేసీ రాత్రి షిఫ్టుకూ గీయలేదు.

దీనికంటే తొమ్మిదేళ్ల ముందు, 2006లో, ఏజే ష్నాక్ తీసిన 'అబౌట్ ఎ సన్' వచ్చింది. మైకేల్ అజెరాడ్ అనే జర్నలిస్టు 1992–93లో కర్ట్‌తో రాత్రిళ్లు మాట్లాడి రికార్డు చేసిన పాతిక గంటల టేపులే దానికి ఆధారం. సినిమా దాదాపు అంతా కర్ట్ కనిపించడు. నిర్వాణా పాట ఒక్కటీ లేదు. గొంతు వినిపిస్తుంటే తెర మీద అబర్డీన్, ఒలింపియా, సియాటిల్ వీధులు, దుంగలు, వాన, ఇప్పటి మామూలు మనుషుల మొహాలు కనిపిస్తాయి, అంతే. మొదట విసుగనిపిస్తుంది. ఇరవై నిమిషాలు ఓపిక పడితే ఆ గొంతు పక్కింటి అబ్బాయిది అయిపోతుంది. విసుక్కుంటాడు, గొప్పలు పోతాడు, నవ్వుతాడు, ఎవరినో తిడతాడు. రెండిట్లో ఒక్కటే చూడాలంటే నేను ఈ రెండోదే చూడమంటాను. ఎక్కువమంది 'మోంటాజ్' గురించే మాట్లాడుకుంటారు, కారణం నాకు తెలుసు. అందులో పాటలున్నాయి, ఇంటి వీడియోలున్నాయి, కూలిపోతున్న మనిషి కనిపిస్తాడు.

'నెవర్‌మైండ్' టేపు మొదటిసారి విన్నప్పుడు తల్లి వెండీ భయపడిపోయింది. బెల్టు గట్టిగా బిగించుకో నాయనా, రాబోయేదానికి నువ్వు సిద్ధంగా లేవు అన్నట్టు చెప్పిందట. తల్లులకు తెలుస్తుంది. రికార్డు కంపెనీ మొదట దుకాణాలకు పంపింది సుమారు 46 వేల కాపీలే. 1992 జనవరికల్లా ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్‌ను కిందికి దించి అమెరికాలో మొదటి స్థానానికి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 18న పాప పుట్టింది. పాప పుట్టే సమయానికే ఒక పెద్ద పత్రిక భార్య కోర్ట్నీ లవ్ మీద రాసిన వ్యాసం బయటికొచ్చి, ప్రభుత్వ అధికారులు పాపను వాళ్ల చేతికివ్వాలా వద్దా అని విచారించే దాకా వెళ్లింది. పాప పుట్టిన పన్నెండు రోజులకు ఇంగ్లండ్‌లో రీడింగ్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం. కర్ట్ పని అయిపోయిందని పుకార్లు వస్తుంటే ఆస్పత్రి గౌను, విగ్గు వేసుకుని వీల్‌చైర్‌లో స్టేజీ మీదికి వచ్చాడు. అవమానం అంటే అతనికి అసలు పడదు అని క్రిస్ట్ చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఆ వీల్‌చైర్ దృశ్యం చూస్తే గుండె పట్టేస్తుంది. జనం నవ్వేలోగా తనే నవ్వించాడు.

కడుపునొప్పి అతన్ని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది. డాక్టర్లు సరైన కారణం తేల్చలేకపోయారని, హెరాయిన్‌తోనే ఆ నొప్పి తగ్గిందని అతనే చెప్పుకున్నాడు. 1994 జనవరిలో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో, ఆ నొప్పి మీ సంగీతానికి సాయపడిందా అన్నట్టు అడిగారు. అది భయపెట్టే ప్రశ్న అన్నాడు. బహుశా సాయపడే ఉంటుంది, కానీ మంచి ఆరోగ్యం ఇస్తానంటే అన్నీ వదిలేసుకుంటాను అన్నాడు. ఈ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బాధ సాయం చేసి ఉండొచ్చని అతనే ఒప్పుకున్నాడు కదా, నీ వాదన ఏమైంది అని ఎవరైనా అడగొచ్చు. బాధ పాటకు విషయం ఇస్తుంది, దాన్ని నేను కాదనడం లేదు. ఆ విషయాన్ని పాటగా మలచడానికి నిద్ర కావాలి, తిండి కావాలి, ఒకే వాక్యాన్ని పదిసార్లు మార్చగల ఓపిక కావాలి. 'ఇన్ యూటరో' ఆల్బమ్‌ను 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో మంచు మధ్య ఉన్న స్టూడియోలో రెండు వారాల్లోనే ముగించారు. అది పడుతూ లేస్తూ చేయగల పని కాదు. అతని నోటి నుంచే వచ్చిన మాటలో రెండో సగం, అన్నీ వదిలేసుకుంటాను అన్నది, అభిమానులెవరూ టీషర్టు మీద వేయించుకోలేదు.

డబ్బుంది, పేరుంది, భార్యాబిడ్డలున్నారు, ఇంకేం తక్కువైంది అని మనవాళ్లు అడుగుతారు. నేనూ ఈ మాట పెద్దవాళ్ల నోట చాలాసార్లు విన్నాను, వేరే వేరే మనుషుల విషయంలో. సావిత్రిగారి చివరి రోజుల గురించి మాట్లాడేటప్పుడు కూడా తాగుడు, పతనం, పాపం అనే మూడు ముక్కలతోనే ముగిస్తారు. జబ్బు అన్న మాట ఎవరి నోటా రాదు. హెరాయిన్‌కు బానిసైన మనిషికి 1994లో అమెరికాలో దొరికిన వైద్యం ఏమిటో చూడండి. కొన్ని వారాలు ఒక కేంద్రంలో ఉంచడం, లేదంటే హెరాయిన్‌కు బదులుగా మెథడోన్ అనే మందు ఇచ్చే క్లినిక్. మామూలు డాక్టరు తన గదిలోనే బ్యూప్రెనార్ఫిన్ అనే అలాంటి మరో మందు రాసిచ్చే వీలు అక్కడ 2002లో గానీ రాలేదు. 1994 మార్చి 25న స్నేహితులు, కంపెనీవాళ్లు ఇంట్లో చుట్టూ కూర్చుని, మానకపోతే మేమంతా వెళ్లిపోతాం అని గట్టిగా చెప్పారు. అప్పట్లో అదే సరైన పద్ధతి అనుకునేవారు. వాళ్లను నేను తప్పుపట్టను. మేము ఆ మాత్రం కూడా చేయలేదు కదా. లాస్ ఏంజెలెస్‌లో చేరిన కేంద్రం నుంచి ఏప్రిల్ 1న గోడ దాటి వెళ్లిపోయాడు. ఏప్రిల్ 5న సియాటిల్ ఇంట్లో చనిపోయాడు. 8న గానీ ఎవరికీ తెలియలేదు. ఎలా అన్నది ఇక్కడ రాయను.

సినిమా కూడా అది చూపించదు. అక్కడ దర్శకుడికి నిండు మనసుతో దండం పెడతాను. చివర్లో ఎలక్ట్రిక్ హోరు లేకుండా టీవీ కోసం చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీ కనిపిస్తుంది, తర్వాత నల్లటి తెర మీద రెండు ముక్కల్లో చనిపోయాడని చెప్పి ఆపేస్తారు. ఇల్లు లేదు, పోలీసు టేపు లేదు, ఏడుపులు లేవు.

కానీ ఆ తర్వాత సియాటిల్‌లో జరిగింది ఈ సినిమాలో ఉండాల్సింది. ఏప్రిల్ 10న సియాటిల్ సెంటర్‌లో సుమారు ఏడు వేలమంది గుమిగూడారు. అక్కడ క్రైసిస్ క్లినిక్ తరఫున కూడా మాట్లాడారు, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పారు. కోర్ట్నీ రికార్డు చేసి పంపిన గొంతులో ఏడుపుతో పాటు కోపం ఉంది, ఎందుకిలా చేశావని భర్తను నిలదీసింది. అలాంటి చావు తర్వాత కుర్రాళ్లు అతన్ని అనుకరిస్తారని అందరూ భయపడ్డారు. తర్వాత డేవిడ్ జోబ్స్ అనే పరిశోధకుడి బృందం లెక్కలు తీస్తే, సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఆత్మహత్యలు భయపడినట్టు పెరగలేదు. పెరిగింది సాయం కోసం వచ్చే ఫోన్ కాల్స్. ఆస్ట్రేలియాలో చేసిన మరో అధ్యయనం కూడా అక్కడి యువతలో ఆత్మహత్యలు పెరిగిన దాఖలా లేదంది. అతని పని గొప్పది, అతని చావు వృథా అని పత్రికలు రెండిటినీ వేరు చేసి రాయడం, ఫోన్ నంబరును పదే పదే చెప్పడం, ఆ భార్య కోపం, ఇవన్నీ కలిసి పనిచేసి ఉండొచ్చని పరిశోధకులు అన్నారు.

ఇది చదివినప్పుడు మన టీవీ ఛానళ్లు గుర్తొచ్చాయి. ఎవరైనా యువ నటుడో, ఇంటర్ విద్యార్థో ప్రాణం తీసుకుంటే గది తలుపు, ఫ్యాను, చివరి ఫోన్ కాల్, గ్రాఫిక్స్‌తో సహా రోజంతా చూపిస్తారు. సాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు కింద స్క్రోలింగులో ఒక్కసారి పరిగెడితే గొప్ప. మన దేశంలో 2022 నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. మా హాస్టల్ రోజుల్లో అలాంటిది ఉండి, అది మాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్, కర్ట్, ఎమీ వైన్‌హౌస్, ఈ సంగీతకారులందరూ 27 ఏళ్లకే పోయారని, అదొక '27 క్లబ్' అని, అదేదో రాసిపెట్టిన అంకె అని సోషల్ మీడియాలో పోస్టులు తిరుగుతుంటాయి. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలన ఈ నమ్మకాన్ని తూకం వేసింది. బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ చేసిన 1,046 మంది సంగీతకారుల లెక్కలు తీస్తే 27 దగ్గర మరణాలు ప్రత్యేకంగా పెరిగిందేమీ లేదు. అయితే ఇరవైల్లో, ముప్పైల్లో వాళ్ల మరణాల రేటు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అంకెలో మహిమ లేదు, ఆ బతుకులో ప్రమాదం ఉంది. ప్రమాదం అయితే తగ్గించే దారి వెతకొచ్చు. మహిమ అనుకుంటే దండ వేసి ఊరుకుంటాం. కర్ట్ పోయినప్పుడు ఆ తల్లి వెండీయే, ఆ పిచ్చి క్లబ్బులో చేరొద్దని వాడికి చెప్పాను అందట. ఆమెకు అందులో అందమేమీ కనపడలేదు.

మా రూమ్మేట్ సంగతి. మూడో ఏడాదిలో వాళ్ల అక్క వచ్చి గది చూసి, వాణ్ణి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బట్టలు సర్ది తీసుకెళ్లిపోయింది. విశాఖలో సైకియాట్రిస్టుకు చూపించింది. ఏడాది చదువు పోయింది. మందులు వేసుకున్నాడు, రెండుసార్లు మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఎందుకు మానేశావని చాలా ఏళ్ల తర్వాత అడిగితే, 'మందు వేసుకుంటే పాట పోతుందేమోనని భయం వేసింది రా' అన్నాడు. ఆ భయం వాడికి ఎవరు పెట్టారు? టీషర్టు చూసి మురిసిపోయిన మేమే కదా. ఇప్పుడు నెల్లూరులో బ్యాంకులో పనిచేస్తున్నాడు. ఆదివారాలు పిల్లలకు గిటార్ నేర్పిస్తాడు. ఈమధ్య కొత్తగా కట్టిన ట్యూన్లు మూడు వాట్సాప్‌లో పంపాడు. హాస్టల్లో కట్టినవాటికంటే బాగున్నాయి. స్నేహం కొద్దీ అనడం లేదు.

పోయిన నెల వాడికి ఈ సినిమా చూడమని చెప్పాను, జుట్టు కత్తిరించే చోట జాగ్రత్త అని కూడా చెప్పాను. రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. అక్కడిదాకా చూసి ఆపేశాడట. పాటల గురించి ఏమైనా అంటాడేమో అనుకున్నాను.

'ఆ పాప ఇప్పుడెలా ఉంది రా?' అని అడిగాడు.

పెద్దదైందని, బొమ్మలు వేస్తుందని, నాన్న బ్యాండ్ పాటలు తనకు పెద్దగా ఇష్టం లేదని ఒక ఇంటర్వ్యూలో ఉన్నమాట చెప్పేసిందని అన్నాను. వాడు నవ్వాడు. 2024లో తనకు కొడుకు పుట్టాడని కూడా చెప్పాను.

'సరే అయితే, మిగతాది రేపు చూస్తా' అని పెట్టేశాడు.